గాయం పూర్తిగా మానకముందే కీమో మొదలుపెట్టొచ్చా? ఎన్నాళ్లు ఆగొచ్చు?

నీలిమేఘం

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. నా వయసు 43. ఎడమ రొమ్ము పూర్తిగా తీసేశారు, చంకలో గ్రంథులు కూడా తీశారు. సర్జరీ అయి నాలుగో వారం నడుస్తోంది. గడ్డ 2.6 సెంటీమీటర్లు, గ్రేడ్ 3 (వేగంగా పెరిగే రకం), తీసిన 14 గ్రంథుల్లో రెండింటిలో క్యాన్సర్ ఉందని రిపోర్టు వచ్చింది. ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు) రెండూ నెగెటివ్. హెర్2 (క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రోటీన్) దగ్గర 2+, అంటే ఎటూ తేలలేదని రాసి, తేల్చడానికి ఫిష్ అనే పరీక్షకి పంపారు, అది ఇంకా రాలేదు.

సమస్య గాయం దగ్గర వచ్చింది. నీరు బయటికి పోవడానికి పెట్టిన గొట్టం (డ్రెయిన్) తీశాక చంక కింద నీరు చేరింది, సిరంజితో తీశారు, మళ్లీ చేరింది. కుట్లన్నీ బాగానే మానాయి కానీ బయటి చివర చిటికెన వేలి గోరంత చోట తెరుచుకుని ఇంకా తడితడిగా ఉంది, రోజూ డ్రెస్సింగ్ చేయించుకుంటున్నాను. చీము లేదు, జ్వరం లేదు. చెయ్యి భుజం ఎత్తు వరకు లేస్తుంది, అంతకు మించి లేవదు, చంక నుంచి మోచేతి దాకా తీగ బిగుసుకున్నట్టు లాగుతోంది.

ఆంకాలజిస్టు వచ్చే గురువారం మొదటి కీమో ఇచ్చేద్దామన్నారు. సర్జన్‌కి ఆ మాట చెబితే "ఇంకో వారం చూద్దాం" అన్నారు. ఇద్దరూ మంచి డాక్టర్లే, ఇద్దరి మీదా నాకు నమ్మకం ఉంది, అందుకే ఇంకా టెన్షన్. మా ఆయనేమో ఎంత త్వరగా మొదలైతే అంత త్వరగా అయిపోతుంది అంటారు. అమ్మ "ముందు మనిషివి తేరుకో, ఓ రెండు నెలలు ఆగితే కొంపలేం మునిగిపోవు" అంటోంది. నిజం చెప్పొద్దూ, నాక్కూడా ఆగాలనే ఉంది, రాత్రిళ్లు కాస్త నిద్ర పట్టడం ఈ మధ్యే మొదలైంది. కానీ ఆగితే ఒంట్లో ఎక్కడైనా మిగిలిన కణాలు పెరిగిపోతాయేమోనని భయం, మొదలుపెడితే ఈ గాయం ఇక మానదేమోనని ఇంకో భయం. ఇన్ని వారాల్లోపు మొదలుపెట్టాలి అని లెక్క ఏమైనా ఉందా? మానని గాయంతో మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?


మొలక

నీరు ఉండగానే నాకు మొదలుపెట్టారండి. ఈ నీరు (సెరోమా) ఒక్కటే అయితే, అంటే ఎర్రబడటం, వేడి, చీము లాంటివి లేకపోతే దాని కోసం కీమో ఆపనవసరం లేదని మా డాక్టరు చెప్పారు, అలాగే జరిగింది. కీమో మధ్యలో కూడా కొన్నిసార్లు తీశారు, తర్వాత దానంతటదే తగ్గిపోయింది. నీరు తీయడానికి మాత్రం రక్తకణాల కౌంట్లు బాగున్న రోజులు చూసుకుని, అంటే తర్వాతి డోసుకి కాస్త ముందు పిలిచేవాళ్లు. తెరుచుకున్న గాయం నాకు లేదు కాబట్టి ఆ ఒక్కదాని గురించి నేను చెప్పలేను.

తీగ లాగుతోందన్నారు కదా, అది నాకూ ఉండేది. చూస్తే భయమేస్తుంది కానీ ప్రమాదం కాదు, చంకలో గ్రంథులు తీసినవాళ్లలో చాలామందికి వస్తుందట. ఫిజియోథెరపీ దగ్గర నెమ్మదిగా సాగదీయించారు, కొన్ని వారాల్లో వదిలింది. చెయ్యి పైకి లేవడం లేదని కీమో ఆపుకోకండి, ఆ రెండింటికీ సంబంధం లేదు.


డేకేర్ సిస్టర్

నీలిమేఘం గారూ, నేను కీమో డేకేర్‌లో నర్సుగా చాలా ఏళ్లు చేశాను. డాక్టర్ని కాదు, మీ గాయం చూడలేదు, కాబట్టి మొదలుపెట్టండి అనీ చెప్పను, ఆగండి అనీ చెప్పను. మీ ఇద్దరు డాక్టర్లు దేని గురించి ఆలోచిస్తున్నారో మాత్రం చెప్పగలను, అది తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ముందు వారాల లెక్క. మామూలుగా సర్జరీ అయ్యాక నాలుగు నుంచి ఆరు వారాల మధ్య మొదలుపెడతారు. ఏడో వారంలోకి వెళ్తే ఏదో అయిపోతుందని దాని అర్థం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా క్యాన్సర్ రిజిస్ట్రీలోని దాదాపు 24,800 మంది ఆడవాళ్ల వివరాలు తీసి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. నెలలోపు మొదలుపెట్టినవాళ్లతో పోలిస్తే రెండో నెలలోనో మూడో నెలలోనో మొదలుపెట్టినవాళ్లకి మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 90 రోజులు దాటాక మొదలుపెట్టినవాళ్లలో మాత్రం చనిపోయే ముప్పు 34 శాతం ఎక్కువగా ఉంది, ట్రిపుల్ నెగెటివ్ (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగెటివ్) వాళ్లలో అయితే 53 శాతం. ఇది పోలికలో ఎక్కువ అని, వందలో 53 మంది అని కాదు, ఇక్కడ చాలామంది కంగారుపడతారు. పైగా ఆలస్యమైనవాళ్లలో కొందరు అసలే వేరే జబ్బులతో నీరసంగా ఉన్నవాళ్లు అయ్యుండొచ్చు, కాబట్టి నెపమంతా ఆలస్యం మీదే వేయలేం. అయినా మూడు నెలలు దాటనివ్వకూడదు అనే మాట మీద ఎవరికీ పెద్దగా పేచీ లేదు. అంతకుముందు 2014లో వచ్చిన ఇంకో అధ్యయనంలో స్టేజి 2, 3 వాళ్లకి, ట్రిపుల్ నెగెటివ్ వాళ్లకి, హెర్2 పాజిటివ్ వాళ్లకి 60 రోజులు దాటితేనే తేడా కనిపించింది. మీ ఫిష్ రిపోర్టు ఎటు వచ్చినా మీరు ఈ గుంపులోనే ఉంటారు. అందుకే మీ ఆంకాలజిస్టు తొందరపడుతున్నారు, అమ్మగారు చెప్పిన రెండు నెలలు మీ విషయంలో ఎక్కువ. సర్జన్ గారు అడిగిన ఒక్క వారం మాత్రం ఎక్కువ కాదు.

ఇప్పుడు సర్జన్ గారి వైపు. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలని దెబ్బతీస్తాయి, గాయం పూడటానికి కావలసిందీ అలాంటి కణాలే. దానికి తోడు మందు ఎక్కాక ఓ వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు తెరుచుకున్న చోటు నుంచి ఇన్ఫెక్షన్ లోపలికి వెళ్తే మామూలు రోజుల్లో మాత్రతో పోయేది కాస్తా ఆసుపత్రిలో చేర్చేదాకా వస్తుంది, రెండో డోసు వాయిదా పడుతుంది. మొదట వారం మిగుల్చుకుందామని వెళ్లి తర్వాత మూడు వారాలు పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను. అలాగని గోరంత పుండు పూర్తిగా ఎండి పెచ్చు రాలేదాకా ఆగాలా అంటే, అదీ లేదు. కింద ఎర్రటి కొత్త కండ వస్తూ, రోజురోజుకీ చిన్నదవుతూ, వాసన, చీము లేకుండా ఉంటే మొదలుపెట్టేయమనే సర్జన్లు ఉన్నారు. లోతుగా ఉన్నా, అంచులు నల్లబడినా, పెద్దదవుతున్నా ఆగుతారు. మీది ఎటు వెళ్తోందో ఇంతకుముందు డ్రెస్సింగ్‌లో ఎలా ఉందో ఇప్పుడెలా ఉందో పోల్చి చూసినవాళ్లే చెప్పగలరు. రోజూ డ్రెస్సింగ్ అప్పుడు ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫోన్లో ఫొటో తీయించుకోండి, ఇద్దరు డాక్టర్లకీ అదే చూపించండి.

ఇంకో మాట. వాళ్లిద్దరి మధ్య మీరు కబుర్లు మోయకండి. "మీరు ఆయనతో ఒకసారి ఫోన్లో మాట్లాడతారా" అని నేరుగా అడగండి. తొంభై శాతం గొడవలు ఆ ఫోన్‌తో తేలిపోతాయి. ఈ శాతం మాత్రం నా సొంతం, ఏ అధ్యయనమూ కాదు.


తోడు

మా ఆవిడ విషయంలో ఆగాల్సి వచ్చింది, ఆ సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. ఆవిడకి రొమ్ము తీసినప్పుడే మళ్లీ అమర్చడానికని చర్మం కింద ఎక్స్‌పాండర్ (చర్మాన్ని మెల్లగా సాగదీసే సంచి) పెట్టారు. పైన చర్మం కొంత మేర నల్లబడి చచ్చిపోయింది, దాన్ని కోసి తీసి మళ్లీ కుట్టారు. ఎప్పుడు మొదలుపెడతారని నేను ప్రతిసారీ ఆంకాలజిస్టుని పీడించేవాణ్ణి, ఆయన ఒకటే మాట, "ఈ గాయంతో ఇస్తే నేను కీమో మొదలుపెట్టినట్టు అవుతుంది కానీ పూర్తి చేసినట్టు కాదు" అని. మొత్తానికి రెండు నెలలు కావస్తుండగా మొదలైంది. ఆ తర్వాత ఒక్క డోసు కూడా ఆలస్యం కాలేదు. ఇప్పుడు చెకప్‌లకి వెళ్లొస్తున్నాం, బాగానే ఉంది.

దీన్నిబట్టి అందరూ ఆగాలని కాదు. మాకు ఆగడానికి కారణం కళ్ల ముందు కనిపిస్తోంది, ఏం జరిగితే మొదలుపెడతారో కూడా ముందే చెప్పారు. మీరూ అదే అడగండి, "వారం చూద్దాం అన్నారు కదా, వారం తర్వాత గాయం ఎలా ఉంటే ఓకే అంటారు, అప్పటికీ మానకపోతే ఏం చేస్తారు, మళ్లీ ఇంకో వారమా?" అని. కారణం లేకుండా వారం వారం జరిగిపోవడమే ప్రమాదం. రిపోర్టు రాలేదని ఓ వారం, గుండె ఎకో పరీక్షకి స్లాట్ దొరకలేదని ఓ వారం, ఇంట్లో ఏదో పని ఉందని ఇంకో వారం, ఇలా పోయేవే ఎక్కువ.


ప్రకృతి బాట

కీమో అంటే విషం, ఈ నీరసంలో ఎక్కిస్తే తట్టుకోలేరు. మూడు నాలుగు నెలలు సహజ పద్ధతుల్లో ఇమ్యూనిటీ పెంచుకుని, అప్పుడు అవసరమైతే చూసుకోవచ్చు. ఆసుపత్రులు భయపెడతాయి, అంతే.


డేకేర్ సిస్టర్

ప్రకృతి బాట గారూ, పైన రాసింది చదివే ఈ మాట అంటున్నారా? మీరు చెప్పిన మూడు నాలుగు నెలలే సరిగ్గా వెళ్లకూడని చోటు. గ్రేడ్ 3, గ్రంథుల్లో పాకిన, హార్మోన్ నెగెటివ్ క్యాన్సర్ గురించి మాట్లాడుతున్నాం. హార్మోన్ మాత్రలు ఈవిడకి పనిచెయ్యవు, ఒంట్లో కంటికి కనిపించకుండా మిగిలిన కణాల మీదకి వెళ్లగలిగే ఆయుధం ప్రధానంగా కీమోనే, ఫిష్ పాజిటివ్ వస్తే దానికి తోడు హెర్2 మీద పనిచేసే మందు ట్రాస్టుజుమాబ్. తిండి, నడక, నిద్ర బాగుండాలి, ఎవరు కాదన్నారు, అవి కీమోతో పాటు చేసుకునేవి, కీమోకి బదులు కాదు. మీ సలహా విని ఎవరైనా ఆగిపోతే ఆ బాధ్యత మీరు తీసుకోరు కదా.


చిన్ని

నీలిమేఘం గారికి ఇది అక్కర్లేకపోవచ్చు కానీ చిన్న వయసు వాళ్లు కూడా చదువుతారని రాస్తున్నా. పిల్లలు కావాలనుకునేవాళ్లు కీమో డేట్ ఖాయం చేసుకునే ముందే ఆ మాట ఎత్తండి, అడిగితే తప్ప కొన్నిచోట్ల ఎవరూ చెప్పరు. అండాలు తీసి దాచడానికి రెండు వారాలు చాలు, ఇప్పుడు నెలసరి కోసం ఎదురుచూడకుండా ఏ రోజైనా మొదలుపెడుతున్నారు. నేను గాయం మానే వారాల్లోనే అది పూర్తి చేసుకున్నాను, కీమో ఒక్క రోజు కూడా వెనక్కి జరగలేదు. అండాశయాలని నిద్రపుచ్చే ఇంజెక్షన్ కూడా ఒకటి ఉంది, దాన్ని కీమోకి కనీసం వారం ముందు వేయాలి, అందుకే ఆఖరి నిమిషంలో అడిగితే లాభం ఉండదు.


నీలిమేఘం

మీ అందరికీ చాలా చాలా థాంక్స్. చదువుతూ ఏడ్చాను, మంచి ఏడుపే. సిస్టర్ అక్కా, మీరు చెప్పినట్టు ఫొటోలు తీయిస్తున్నాం, ఇన్నాళ్లూ అసలు గాయం వైపే చూసుకోలేదు నేను, ఇప్పుడు ఫొటోలో చూస్తే నేననుకున్నంత ఘోరంగా లేదు. ఇంకో రెండు సందేహాలు. ఫిష్ రిపోర్టు రాకుండా కీమో మొదలుపెట్టడం సరైనదేనా? నాకు షుగర్ ఉంది, సర్జరీ అప్పుడు ఇన్సులిన్ ఇచ్చారు, ఇప్పుడు మాత్రలే. గాయం ఆలస్యానికి అదే కారణమా?


డేకేర్ సిస్టర్

షుగర్ సంగతి ఇప్పుడా చెప్పడం! అది చాలా పెద్ద విషయం అమ్మా. షుగర్ ఎక్కువగా ఉంటే గాయం నెమ్మదిగా మానుతుంది, ఇన్ఫెక్షన్ ముప్పూ పెరుగుతుంది. పైగా కీమో రోజు వాంతులు రాకుండా, అలర్జీ రాకుండా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, అది పడ్డాక షుగర్ ఒకటి రెండు రోజులు బాగా ఎగబాకుతుంది. మీ షుగర్ డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేసి కీమో మొదలవుతోందని చెప్పండి, ఆ రోజుల్లో మళ్లీ ఇన్సులిన్ కావాలో లేదో ఆయనే చెబుతారు. ఈ వారం రోజుల్లో మీ చేతిలో ఉన్న పని ఏదైనా ఉందంటే అది షుగర్ అదుపులో పెట్టుకోవడమే, గాయానికీ అదే మందు.

ఫిష్ గురించి. మందుల వరస మీద ఆధారపడి ఉంటుంది. మొదట ఏసీ అనే జంట మందులు కొన్ని డోసులు, తర్వాత పాక్లిటాక్సెల్ అనే వరస అయితే, ఒకవేళ హెర్2 పాజిటివ్ అని తేలినా ట్రాస్టుజుమాబ్ కలిపేది పాక్లిటాక్సెల్ దగ్గర నుంచే, కాబట్టి ఏసీ మొదలుపెట్టి ఈలోపు రిపోర్టు తెప్పించుకోవచ్చు. ట్రాస్టుజుమాబ్‌ని మొదటి రోజు నుంచే ఇచ్చే వరస కూడా ఉంది, డాక్టరు మనసులో అది ఉంటే రిపోర్టు కోసం కొద్ది రోజులు ఆగుతారు. ఏ వరస అనుకుంటున్నారో అడగండి. ల్యాబ్‌కి ఫోన్ చేసి రిపోర్టు ఎంతవరకు వచ్చిందో కనుక్కోండి, అడిగేవాళ్లుంటేనే ఫైలు కదులుతుంది.

ఆగే రోజుల్లో పూర్తి చేసుకోవలసినవి చాలా ఉన్నాయి, అవి మిగిలిపోతే గాయం మానినా మళ్లీ వాయిదానే. గుండెకి ఎకో ఉండాలి, ఏసీలో ఉండే డాక్సోరుబిసిన్‌కీ ట్రాస్టుజుమాబ్‌కీ రెండింటికీ అది అవసరం. హెపటైటిస్ బి పరీక్ష అయిందో లేదో చూసుకోండి, లోపల నిద్రపోతున్న వైరస్ కీమోతో లేచే అవకాశం ఉంది. పుచ్చిపోయిన పన్ను ఏదైనా ఉంటే ఇప్పుడే చూపించుకోండి, కౌంట్లు పడ్డాక పన్ను పీకడం మహా చిక్కు. ఫ్లూ టీకా వేయించుకోవాలనుకుంటే కీమోకి రెండు వారాల ముందు అయితే బాగా పనిచేస్తుంది, మీకు అంత సమయం ఉండకపోవచ్చు, అడిగి చూడండి.

చెయ్యి వ్యాయామాలు మానకండి. కీమోకి చెయ్యి లేవకపోయినా పర్లేదు, కానీ తర్వాత రేడియేషన్‌కి చెయ్యి తల పైకి పెట్టి కదలకుండా పడుకోవాలి. దానికి ఇంకా నెలలు ఉన్నాయి, ఇప్పటి నుంచి రోజూ కాస్త కాస్త చేస్తే అప్పటికి అందుతుంది.


తోడు

థర్మామీటరు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మొదలయ్యాక 100.4 వస్తే, అర్ధరాత్రి అయినా సరే, మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లమని మాకు చెప్పారు. ఏ నంబరుకి ఫోన్ చేయాలో ముందే రాసి పెట్టుకోండి. మీకు పుండు ఉంది, షుగర్ ఉంది, కౌంట్లు నిలబెట్టే ఇంజెక్షన్ మొదటి డోసు నుంచే ఇస్తారేమో కూడా అడగండి. మా ఆవిడకి ప్రతి డోసు మర్నాడు ఇచ్చారు, ఎముకలు నొప్పి పెట్టేవి కానీ కౌంట్లు బాగా నిలబడ్డాయి.


నీలిమేఘం

అప్‌డేట్ ఇద్దామని వచ్చాను. సిస్టర్ అక్క చెప్పినట్టే అడిగాను, నా ముందే సర్జన్ గారు ఆంకాలజిస్టుకి ఫోన్ చేశారు, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు! ఫొటోలు చూసి పుండు సగానికి తగ్గిందన్నారు, లోతు లేదు, కొత్త కండ వస్తోందన్నారు. గురువారం కాదు, దాని తర్వాతి మంగళవారం మొదటి డోసు. అంతకు ముందు రోజు సర్జన్ మళ్లీ గాయం చూస్తారు, అప్పటికి ఎర్రబడినా చీము కనిపించినా ఆపుతారు, లేకపోతే చిన్న డ్రెస్సింగ్‌తోనే మొదలు. అంటే ఆరో వారం లోపే.

ఫిష్ నెగెటివ్ వచ్చింది, అంటే ట్రిపుల్ నెగెటివ్. ఆ పదం చూసి ఒక పూట అన్నం తినలేదు. కానీ ఏం ఇస్తారో ఇప్పుడు ఖాయంగా తెలుసు, ఏసీ నాలుగు, తర్వాత పాక్లిటాక్సెల్ వారం వారం పన్నెండు. జన్యు పరీక్షకి కూడా రక్తం తీసుకున్నారు, దాని కోసం కీమో ఆపక్కర్లేదన్నారు. ఎకో బాగుంది. షుగర్‌కి ఇన్సులిన్ మళ్లీ మొదలుపెట్టారు, రోజూ రాసుకుంటున్నాను. అమ్మకి 90 రోజుల సంగతి చదివి వినిపించాను, "అయితే పద" అంది.

పోర్ట్ (కీమో ఎక్కించడానికి చర్మం కింద పెట్టే చిన్న పరికరం) పెట్టించుకోమంటున్నారు, సోమవారం. ఎడమ వైపు ఆపరేషన్ అయింది కదా, కుడి వైపేనా పెడతారు? పెట్టిన మర్నాడే దాన్ని వాడొచ్చా?


మొలక

మామూలుగా కుడి వైపే పెడతారు, ఆపరేషన్ అయిన వైపు వద్దంటారు. మర్నాడే వాడొచ్చు, నాకు అలాగే వాడారు, కొంచెం నొప్పి ఉంది అంతే. పెట్టాక ఎక్స్‌రే తీసి సరిగ్గా ఉందో లేదో చూసుకుంటారు. ఎడమ చేతికి సూదులు, బీపీ పట్టీ వద్దని ఎవరు కొత్తగా వచ్చినా మీరే గుర్తు చేయండి. మంగళవారం ముందు వైపు బొత్తాలు ఉండే వదులు బట్టలు వేసుకుని వెళ్లండి, పోర్ట్‌కి సూది పెట్టడానికి వీలుగా ఉంటుంది. సాయంత్రం ఎలా ఉందో రాయండి.